రాత్రివేళ ఆగిపోతున్న ఫ్రిజ్, నీరసించే పంపు: క్యాంపర్‌లో 12 వోల్టుల లోపాన్ని ఎక్కడ వెతకాలి?

దూరయానం

సభ్యులందరికీ నమస్కారం. మా క్యాంపర్‌లో, అంటే లోపల నివాసం ఉన్న ప్రయాణపు బండిలో, ఇంజను బ్యాటరీ కాకుండా, నివాస భాగం కోసం 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ విడిగా ఉంది. కంప్రెసర్ ఫ్రిజ్, నీటి పంపు, పైకప్పు ఫ్యాను, ఎల్ఈడీ దీపాలు అన్నీ దాని మీదే నడుస్తాయి. పగలు ఇంజను తిరుగుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. బండి ఆపి, రాత్రి ఫ్యాను, దీపాలు వేసుకుని కూర్చున్నాక మాత్రం ఎవరైనా కుళాయి తిప్పితే చాలు, దీపాలు మసకబారి ఫ్రిజ్ ఆగిపోతోంది. కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక ఒకసారి ఆగిందంటే ఫ్యాను కట్టేసేదాకా తిరిగి నడవడం లేదు. ఫ్రిజ్ కంట్రోలర్ మీది చిన్న దీపం కొన్ని సెకన్లకు ఒకసారి చొప్పున ఒక్క మెరుపు మెరుస్తోంది.

ఉదయం అన్నీ ఆపి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 12.3 వోల్టులు చూపిస్తోంది. సగానికి పైగా ఛార్జి ఉన్న బ్యాటరీ ఫ్రిజ్‌ను ఎందుకు నడపలేకపోతోందో అర్థం కావడం లేదు. ఫ్యూజులన్నీ తీసి చూశాను, ఒక్కటీ కాలలేదు. బ్యాటరీ మార్చాలా, ఫ్రిజ్ మార్చాలా, లేక మరెక్కడైనా చూడాలా అన్నది దయచేసి చెప్పగలరు.

సౌరఛత్రం

నమస్కారం. నా అభిప్రాయంలో బ్యాటరీ ముసలిదైపోయింది. పలకల మీద సల్ఫేట్ పేరుకున్న బ్యాటరీ ఏ పనీ లేనప్పుడు మంచి వోల్టేజీ చూపించి, లోడు పడగానే కూలబడుతుంది. ఎలాగూ మార్చాల్సి వస్తుంది కనుక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి వెళ్లండి. అది దాదాపు చివరిదాకా 13 వోల్టుల దరిదాపుల్లోనే నిలబడుతుంది కాబట్టి ఫ్రిజ్ ఆగే సమస్యే ఉండదు.

రాగితీగ

దూరయానం గారూ, మీరు లక్షణాలను చాలా శ్రద్ధగా గమనించి రాశారు, వాటిలోనే సగం జవాబు ఉంది. ఏదైనా కొనే ముందు ఒక్క పూట మీటరుతో కూర్చోండి.

ఫ్రిజ్ సంగతి ముందు చెబుతాను. మీరు చెప్పిన ఒక్క మెరుపు, ఈ రకం కంప్రెసర్ కంట్రోలర్లలో ఎక్కువగా, తన దగ్గరికి చేరే వోల్టేజీ తక్కువైందని చెప్పే సంకేతం. అంటే కంప్రెసర్ పాడవలేదు, అది తనను, బ్యాటరీని కాపాడుకోవడానికి ఆగుతోంది. ఇలాంటి ఫ్రిజ్‌లు సాధారణంగా 10.4 వోల్టుల దగ్గర ఆగిపోతాయి, తిరిగి 11.7 వోల్టులు కనిపిస్తే తప్ప మొదలుకావు. ఆగే గీతకూ లేచే గీతకూ మధ్య ఇంత ఎడం ఉండటం వల్లనే, అర్ధరాత్రి ఆగిన ఫ్రిజ్ ఫ్యాను కట్టేసేదాకా లేవడం లేదు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఫ్రిజ్ దగ్గర 11.7 రావడం లేదన్నమాట. ఈ అంకెలన్నీ ఫ్రిజ్ టెర్మినళ్ల దగ్గర కొలిచేవి, బ్యాటరీ దగ్గర కొలిచేవి కావు. ఆ రెండు చోట్ల మధ్య ఎంత పోతోందన్నదే మనం తేల్చుకోవలసిన ప్రశ్న.

కరెంటు పారనప్పుడు కొలిచిన వోల్టేజీ వైరింగ్ గురించి ఏమీ చెప్పదు. వైరులో ఒకే ఒక్క పోగు మిగిలి, తక్కినవన్నీ తెగిపోయినా మీటరు 12.3 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. అదే వైరు మీద 5 ఆంపియర్లు లాగి చూస్తే లోపం బయటపడుతుంది. కాబట్టి ఫ్రిజ్ నడుస్తూ ఉండగానే ఈ కొలతలు తీయండి. మొదట బ్యాటరీ పోస్టుల మీద, తరువాత ఫ్రిజ్ టెర్మినళ్ల మీద కొలవండి. ఆపైన ఒక పొడుగాటి వైరు సాయంతో మీటరు ఒక కొనను బ్యాటరీ పాజిటివ్ పోస్టుకూ, రెండో కొనను ఫ్రిజ్ పాజిటివ్ టెర్మినల్‌కూ తాకించండి. అప్పుడు మీటరు చూపించేది పాజిటివ్ దారిలో పోతున్న వోల్టేజీ. అలాగే నెగటివ్ నుంచి నెగటివ్‌కు కొలవండి. తరువాత పంపు, దీపాలు, ఫ్యాను కూడా వేసి అన్నీ మళ్లీ కొలవండి. బ్యాటరీ పోస్టు అన్నప్పుడు సీసపు పోస్టునే తాకించండి, దాని మీద బిగించిన క్లాంపును కాదు, ఎందుకంటే క్లాంపుకూ పోస్టుకూ మధ్య కూడా లోపం ఉండవచ్చు.

సౌరఛత్రం గారు చెప్పిన అనుమానం కూడా ఈ కొలతల్లోనే తీరిపోతుంది. లోడు పడగానే బ్యాటరీ పోస్టుల మీదే వోల్టేజీ 11 కిందికి జారితే తప్పు బ్యాటరీదే. పోస్టుల మీద 12 పైన నిలబడి, ఫ్రిజ్ దగ్గర మాత్రం పడిపోతే బ్యాటరీకి ఏ పాపమూ తెలియదు.

నిదానం

రాగితీగ గారి మాటకు వైరు లెక్క ఒకటి జోడిస్తాను. రాగి వైరు మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉంటే దాని నిరోధం సుమారు 0.0175 ఓమ్. దూరయానం గారి ఫ్రిజ్‌కు వెళ్లే పాజిటివ్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లదై, 6 మీటర్ల పొడవు ఉందనుకుంటే 0.07 ఓమ్ అవుతుంది. కంప్రెసర్ 5 ఆంపియర్లు లాగితే 0.35 వోల్టు ఆ వైరులోనే పోతుంది. ఇంట్లో 230 వోల్టుల మీద ఇంత నష్టాన్ని ఎవరూ పట్టించుకోరు. 12 వోల్టుల మీద మాత్రం అది పెద్ద వాటా, అందులోనూ ఫ్రిజ్‌కు మిగిలే వెసులుబాటు రెండు వోల్టుల లోపే కాబట్టి మరీ పెద్దది.

కొలతలు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు. చేతి ఉంగరాలు, లోహపు గొలుసులు తీసేయండి. బ్యాటరీ పోస్టుల మధ్య స్పానరు అడ్డంగా పడితే అది ఎర్రగా కాలిపోయేంత కరెంటు పారుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, కనుక తలుపులు తెరిచి ఉంచండి, నిప్పు దగ్గరకు రానివ్వకండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివరన నెగటివ్. మీటరు ఎర్ర వైరు 10 ఆంపియర్ల సాకెట్‌లో ఉండగా వోల్టేజీ కొలవబోతే మీటరే షార్టుకు దారి అవుతుంది. ప్రతిసారీ ఆ సాకెట్ చూసుకుని మరీ కొనలు తాకించండి.

కొత్తచక్రం

ఈ చర్చ నాకు చాలా ఉపయోగపడుతోంది. ఒక సందేహం. మా బండిలో పంపు ఫ్యూజు తరచూ కాలిపోతోంది. 10 ఆంపియర్ల ఫ్యూజు బదులు 30 ఆంపియర్లది పెడితే ఆ బాధ తప్పుతుందని ఒకరు చెప్పారు. అలా చేయవచ్చా?

రాగితీగ

కొత్తచక్రం గారూ, దయచేసి అలా చేయకండి. ఫ్యూజు ఉన్నది పంపు కోసం కాదు, పంపు దాకా వెళ్లే వైరు కోసం. గోడ పలకల వెనుక, ఇన్సులేషన్ మధ్య నడిచే సన్నని వైరు 30 ఆంపియర్లకు కరిగి అంటుకుంటుంది. అక్కడ మంట పుట్టిన సంగతి లోపల నిద్రపోయేవారికి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఫ్యూజు పదేపదే కాలుతోందంటే పంపు మామూలుకంటే ఎక్కువ లాగుతోంది, లేదా వైరు ఎక్కడో ఒరిసిపోయి, నెగటివ్ దారిగా పనిచేసే బండి లోహపు చట్రానికి, అంటే ఛాసిస్‌కు తగులుతోంది. పంపు వడపోతలో ఇసుక చేరిందేమో, లోపల మోటారు బిగుసుకుందేమో ముందు చూడండి. పంపు దగ్గర రెండు వైర్లనూ విప్పిన తరువాత కూడా కొత్త ఫ్యూజు కాలితే లోపం వైరులోనే ఉంది. లోహపు చట్రం రంధ్రాల గుండా రబ్బరు వలయం లేకుండా వైరు వెళ్లే చోట్లు, తరువాత ఎవరో అల్మారా బిగించడానికి స్క్రూలు దింపిన చోట్లు, ఈ రెండింటినీ ముందుగా వెతకండి.

దూరయానం

రాగితీగ గారు చెప్పినట్లే కొలిచాను. ఫ్రిజ్ ఒక్కటే నడుస్తున్నప్పుడు బ్యాటరీ పోస్టుల మీద 12.4, ఫ్రిజ్ దగ్గర 11.4. పాజిటివ్ దారిలో 0.35, నెగటివ్ దారిలో 0.65 పోతోంది. పంపు, దీపాలు కూడా వేసి, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో చూస్తే మొత్తం కరెంటు 13 ఆంపియర్లు ఉంది. అప్పుడు బ్యాటరీ మీద 12.2 నిలబడింది. ఫ్రిజ్ దగ్గర 10.15 కనిపించిన కాసేపటికే కంప్రెసర్ ఆగిపోయింది. ఆగేలోపు పాజిటివ్ నష్టం మారలేదు, 0.35 దగ్గరే ఉంది. నెగటివ్ నష్టం మాత్రం 1.7 వోల్టులకు పెరిగింది.

రాగితీగ

ఇంతకంటే స్పష్టమైన కొలతలు ఉండవు. ఫ్రిజ్‌కు పాజిటివ్ వైరు విడిగా వెళుతోంది, అందుకే పంపు వేసినా ఆ నష్టం మారలేదు. నెగటివ్ మాత్రం ఫ్రిజ్, పంపు, దీపాలు, ఫ్యాను అన్నిటికీ ఒకే తిరుగుదారి. 5 ఆంపియర్లకు 0.65, 13 ఆంపియర్లకు 1.7 అంటే రెండు చోట్లా లెక్క 0.13 ఓమ్ దగ్గరే తేలుతోంది. ఆ ఉమ్మడి దారిలో ఒక చెడ్డ కీలు ఉంది. పంపు నడిచినప్పుడల్లా అది ఫ్రిజ్ వాటా వోల్టేజీని తినేస్తోంది. కుళాయి తిప్పితే దీపాలు మసకబారడానికీ, ఫ్రిజ్ ఆగడానికీ కారణం ఒకటే.

ఇంజను నడిచేటప్పుడు ఇబ్బంది లేకపోవడమూ ఇప్పుడు అర్థమవుతుంది. ఆల్టర్నేటర్ బ్యాటరీ దగ్గర 14 వోల్టులకు పైగా నిలుపుతుంది కాబట్టి 2 వోల్టులు పోయినా ఫ్రిజ్‌కు 12 మిగులుతాయి. సౌరఛత్రం గారు సూచించిన లిథియం బ్యాటరీ పెట్టినా జరిగేది ఇదే. 13.2 లోంచి 2 పోయినా ఫ్రిజ్ నడుస్తుంది, లోపం మాత్రం కనబడకుండా దాక్కుంటుంది. 1.4 వోల్టులు ఒకే కీలు దగ్గర పోతున్నాయనుకుంటే, 13 ఆంపియర్ల మీద అక్కడ 18 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కడానికి చాలినంత శక్తి అది. ఏ చెక్కకో, ప్లాస్టిక్‌కో ఆనుకుని ఉన్న బోల్టు దగ్గర అంత వేడిని దాచిపెట్టుకోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ఇక ఆ కీలును పట్టుకునే పద్ధతి. మీటరు నల్ల కొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద స్థిరంగా ఉంచి, అన్నీ నడుస్తుండగా ఎర్ర కొనను దారి వెంట ఒక్కో మెట్టు ముందుకు జరపండి. మొదట క్లాంపు, తరువాత వైరు రెండో కొన లగ్ (వైరు కొనకు నొక్కిన, బోల్టు పట్టే లోహపు రింగు), ఆ లగ్ బిగించిన బోల్టు, ఛాసిస్ లోహం, నివాస భాగం వైపు బోల్టు, దాని మీది లగ్, చివరకు నెగటివ్ వైర్లన్నీ వచ్చి కలిసే లోహపు పట్టీ, అంటే నెగటివ్ బస్‌బార్. ఏ రెండు మెట్ల మధ్య అంకె ఒక్కసారిగా పెరిగిందో లోపం ఆ మధ్యనే ఉంటుంది. దారి పొడుగ్గా ఉంటే నడిమి మెట్టు దగ్గర మొదలుపెట్టండి, అంకె అప్పటికే పెద్దదైతే వెనక్కి, చిన్నదైతే ముందుకు వెళ్లండి.

సౌరఛత్రం

కొలతలు చూశాక బ్యాటరీ గురించి నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. 13 ఆంపియర్ల మీద 12.2 నిలబెట్టే బ్యాటరీని మార్చనక్కర లేదు. అయితే ఛార్జింగ్ కోణం నుంచి ఒక మాట చెప్పాలి. సోలార్ కంట్రోలర్ నెగటివ్ వైరు కూడా అదే బస్‌బార్‌కు వస్తుంటే, ఆ చెడ్డ కీలు ఛార్జింగ్‌ను కూడా దెబ్బతీస్తుంది. కంట్రోలర్ తన టెర్మినళ్ల దగ్గర 14.4 చూసి బ్యాటరీ నిండిందనుకుంటుంది, బ్యాటరీకి చేరేది అంతకంటే తక్కువ. ఇలా నెలల తరబడి అరకొరగా ఛార్జి అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ నిజంగానే సల్ఫేట్ పట్టి పాడవుతుంది. పని చేసేటప్పుడు బ్యాటరీ విప్పాల్సి వస్తే ముందు ప్యానెల్ వైరును కంట్రోలర్ నుంచి తీసేయండి. తిరిగి కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తరువాత ప్యానెల్. బ్యాటరీ లేకుండా ప్యానెల్ ఒక్కటే తగిలితే కొన్ని కంట్రోలర్లు పాడయ్యే అవకాశం ఉంది.

దారిదీపం

నాది లాగుడు క్యారవాన్. ఎడమ ఇండికేటర్ వేస్తే వెనుక ఎర్ర దీపాలన్నీ దానితోపాటే మిణుకుమిణుకుమంటున్నాయి, బ్రేకు నొక్కితే ఇండికేటర్ నీరసిస్తోంది. ఇదీ తిరుగుదారి లోపమేనా?

నిదానం

అవును, అదే జాతి లోపం. లాగే బండికి కలిపే 13 పిన్నుల సాకెట్‌లో క్యారవాన్ బయటి దీపాలన్నిటికీ ఎర్త్, అంటే నెగటివ్ తిరుగుదారి, 3వ పిన్ను. అక్కడ చిలుము పట్టినా, స్క్రూ వదులైనా ఇండికేటర్ కరెంటు నేరుగా తిరిగి వెళ్లలేక, పక్క దీపాల ఫిలమెంట్ల గుండా దారి వెతుక్కుంటుంది. సంబంధం లేని దీపాలు ఒకదానితో ఒకటి కలిసి వెలగడం ఎర్త్ లోపానికి గట్టి గుర్తు. లోపలి ఫ్రిజ్‌కూ, శాశ్వత సరఫరాకూ 11, 13 పిన్నులు వేరే ఎర్త్‌లు, కాబట్టి దీపాలు ఇలా ఉన్నా లోపలి వస్తువులు మామూలుగా నడవవచ్చు. 3వ పిన్ను నుంచి బండి ఛాసిస్‌కు తాత్కాలికంగా ఒక మందపాటి వైరు కలిపి చూడండి, లక్షణం మాయమైతే చోటు దొరికినట్లే.

దూరయానం

దొరికింది. బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి ఛాసిస్ లోహం దాకా మొత్తం నష్టం 0.1 లోపే ఉంది. నివాస భాగం వైపు ఎర్త్ బోల్టు దాటి లగ్ మీద పెట్టగానే అంకె 1.5కు దూకింది. బోల్టు పైకి శుభ్రంగానే కనిపిస్తుంది. విప్పి చూస్తే లగ్‌ను పెయింటు మీదే బిగించారు. అంచుల్లోంచి నీరు చేరి లోపలంతా తుప్పు పట్టింది, లగ్ మెడ దగ్గర వైరు పోగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పక్కనున్న వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగింది, అంటే అక్కడ వేడి పుట్టిందన్న మాట నిజమే. దీన్ని ఎలా బాగుచేయాలి? లోహాన్ని గీకి మళ్లీ బిగిస్తే సరిపోతుందా?

రాగితీగ

గీకి బిగిస్తే కొంతకాలం పనిచేస్తుంది, కానీ చిలుము పట్టిన వైరును ఉంచకండి. చిలుము తొడుగు లోపల కొంత దూరం పాకి ఉంటుంది కాబట్టి మెరిసే రాగి కనిపించేదాకా వైరును కత్తిరించండి, పొడవు చాలకపోతే వైరే మార్చండి. తగరపు పూత ఉన్న లగ్ తీసుకుని, ఆ సైజుకు తగిన క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కించండి. కటింగ్ ప్లేయరుతో నొక్కినదీ, మెలితిప్పి టేపు చుట్టినదీ ప్రయాణంలో కుదుపులకు నిలవవు. సోల్డర్ మాత్రమే చేసిన కొన కూడా సోల్డర్ ఆగిన చోట బిరుసెక్కి విరుగుతుంది. ఛాసిస్ మీద లగ్ ఆనేంత మేర పెయింటు తీసేసి, పళ్ల వాషరు వేసి, లగ్‌ను నేరుగా లోహానికి ఆనించి బిగించండి. లగ్‌కూ లోహానికీ నడుమ వాషర్లు దొంతరగా పెట్టకూడదు. బిగించిన తరువాత పైన తుప్పు పట్టకుండా గ్రీజు లేదా పూత వేయండి.

వీలైతే ఛాసిస్‌ను నమ్ముకోకుండా బస్‌బార్ నుంచి బ్యాటరీ దాకా మందపాటి నెగటివ్ వైరు నేరుగా వేయమని నేను చెబుతాను. మీ ఫ్రిజ్ పాజిటివ్ వైరును కూడా 4 చదరపు మిల్లీమీటర్లకు మార్చితే అక్కడి 0.35 వోల్టు నష్టం 0.13కు తగ్గుతుంది.

నిదానం

నేరుగా వైరు వేస్తే ఒక విషయం మరచిపోవద్దు. బ్యాటరీ మానిటర్ ఉన్న బండ్లలో నెగటివ్ వైపు షంట్, అంటే మానిటర్ కరెంటును కొలిచే చిన్న నిరోధం ఉంటుంది. కొత్త వైరును షంట్‌కు అవతల, లోడు వైపు కలపాలి. నేరుగా బ్యాటరీ పోస్టుకు కలిపితే ఆ కరెంటును మానిటర్ లెక్కించదు. బ్యాటరీ ఖాళీ అయిపోతున్నా తెర మీద శాతం నిండుగానే కనిపిస్తుంది.

దూరయానం

ఎర్త్ బోల్టు, లగ్, ఫ్రిజ్ వైరు మూడూ మార్చాను. కొత్త నెగటివ్ వైరు షంట్‌కు లోడు వైపే కలిపాను. ఇప్పుడు 13 ఆంపియర్ల మీద నెగటివ్ నష్టం 0.2, పాజిటివ్ నష్టం 0.13. పంపు, ఫ్యాను, దీపాలు అన్నీ వేసినా ఫ్రిజ్ దగ్గర 11.8 తగ్గడం లేదు, రాత్రంతా ఆగకుండా నడిచింది. మీ ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

అయితే మానిటర్ ఇప్పుడు మరొకటి చూపిస్తోంది. అన్నీ ఆపినా 0.45 ఆంపియర్ పారుతూనే ఉంది. ఇది మామూలేనా?

నిదానం

మామూలు కాదు. రోజుకు 24 గంటలు లెక్క వేస్తే 10.8 ఆంపియర్-అవర్లు అవుతుంది. ఎక్కడికీ వెళ్లకుండా నిలిపి ఉంచిన బండిలో మీ బ్యాటరీ 5 రోజుల లోపే సగానికి వస్తుంది. గ్యాస్ అలారం, రేడియో జ్ఞాపకశక్తి వంటివి కొంత లాగడం సహజం, అవన్నీ కలిపినా ఇంత ఉండవు. స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయిన ఇన్వర్టర్ మీద నాకు మొదటి అనుమానం, దాని మీద ఏ వస్తువూ లేకపోయినా అది ఇంత లాగగలదు.

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూడనక్కర లేదు. ఫ్యూజుకు కూడా కొద్దిపాటి నిరోధం ఉంటుంది కాబట్టి, బ్లేడ్ ఫ్యూజు పైన కనిపించే రెండు లోహపు చుక్కల మీద మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి కొలవండి. కరెంటు పారని ఫ్యూజు మీద సున్నా వస్తుంది, పారుతున్న దాని మీద చిన్న అంకె కనిపిస్తుంది. పీకి మళ్లీ పెడితే కొన్ని పరికరాలు మేల్కొని లెక్క తారుమారు చేస్తాయి, ఈ పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు. ఇన్వర్టర్‌కు మాత్రం ఫ్యూజు బోర్డులో కాక బ్యాటరీ పక్కన పెద్ద ఫ్యూజు ఉంటుంది. దాని నిరోధం మరీ తక్కువ కాబట్టి ఆ వైరును క్లాంప్ మీటరుతో చూడండి.

కొత్తచక్రం

నాకు మరొక ప్రశ్న ఉంది. బయటి 230 వోల్టుల సరఫరాకు కలిపిన వెంటనే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే సరఫరాను తెంచే స్విచ్) పడిపోతోంది. లోపలి చిన్న బ్రేకర్లు అన్నీ కిందికి దించినా పడిపోతోంది.

రాగితీగ

బ్రేకర్లు దించినా పడుతోందంటే న్యూట్రల్ వైరు ఎక్కడో ఎర్త్‌కు తగులుతుండవచ్చు. చాలా బ్రేకర్లు ఫేజును మాత్రమే తెంచుతాయి, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. సరఫరా కేబుల్‌ను బయటి సాకెట్ నుంచి పూర్తిగా పీకేసిన తరువాత ప్రతి వస్తువు ప్లగ్గునూ తీసేయండి. నీళ్ల హీటర్, మూడు రకాల శక్తితో నడిచే ఫ్రిజ్ తరచూ నేరుగా కలిపి ఉంటాయి కాబట్టి వాటిని మరచిపోకండి. చాలాకాలం వాడని హీటర్ ఎలిమెంటులోకి తేమ చేరి ఇలా జరగడం సర్వసాధారణం. ప్లగ్గులన్నీ తీశాక ఆర్‌సీడీ నిలబడితే ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడండి. అప్పటికీ పడిపోతుంటే లోపం కేబుల్‌లోనో స్థిరమైన వైరింగ్‌లోనో ఉంది, దానికి ఇన్సులేషన్ పరీక్ష చేసే యంత్రం, అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలి. 12 వోల్టుల మీద మీటరుతో ఇలా వెతికినట్లు 230 మీద వెతకకండి. ఆర్‌సీడీని తప్పించి కలపమని ఎవరు చెప్పినా వినకండి. బండి శరీరమంతా లోహం, తడి నేల మీద నిలబడి తలుపు పిడి పట్టుకునేవారికి ఆ ఆర్‌సీడీయే రక్షణ.

దూరయానం

నిదానం గారూ, ఫ్యూజుల మీద మిల్లీవోల్టులు కొలిస్తే గ్యాస్ అలారం ఫ్యూజు మీద మాత్రమే చిన్న అంకె వచ్చింది. ఇన్వర్టర్ వైరు మీద క్లాంప్ మీటరు 0.4 దగ్గర చూపింది. రిమోట్ స్విచ్ ఆపితే దీపం ఆరుతోంది గానీ కరెంటు ఆగడం లేదు, యంత్రం మీది అసలు స్విచ్ ఆపితేనే 0.05కు పడిపోయింది. ఇన్వర్టర్‌కు, దాని ఫ్యూజుకు మధ్య సరఫరాను పూర్తిగా తెంచే బ్యాటరీ ఐసొలేటర్ స్విచ్ పెట్టాలనుకుంటున్నాను. ఇన్వర్టర్ గరిష్ఠంగా 1000 వాట్లు.

రాగితీగ

మంచి ఆలోచన. 1000 వాట్లంటే 12 వోల్టుల మీద దాదాపు 85 ఆంపియర్లు, ఇన్వర్టర్ లోపలి నష్టం కలిపితే 100 దాకా వెళుతుంది. ఐసొలేటర్ అంతకు మించి నిరంతరం మోయగలదై ఉండాలి. కొద్ది సెకన్లకు మాత్రమే వర్తించే అంకెను చూసి కొనకండి. ఫ్యూజును మాత్రం బ్యాటరీ పోస్టుకు వీలైనంత దగ్గరలోనే ఉంచండి. బిగించాక ఇన్వర్టర్ మీద పెద్ద లోడు వేసి, ఐసొలేటర్ రెండు బోల్టుల మధ్య ఎంత వోల్టేజీ పోతోందో కొలిచి ఇక్కడ రాయండి.